కొల్లేటి చేప రుచి ఎక్కడికి పోయింది?

బందరు నుంచి ఏలూరు కోడలుగా వచ్చిన మా భాభీకి మొదటి శుక్రవారమే పరీక్ష ఎదురైంది. జుమా నమాజు చేసుకుని మగవాళ్ళు ఇంటికి వచ్చేసరికి దస్తర్‌ఖాన్ మీద అన్నం, చేపల సాలన్ సిద్ధంగా ఉండడం మా ఇంటి ఆనవాయితీ. ఆ రోజు అమ్మీ స్వయంగా శీలావతి వండింది. కొత్తకోడలు ఒక ముద్ద తింది, రెండో ముద్దకు చెయ్యి కదల్లేదు. ఉప్పు తక్కువైందా బేటీ అని అమ్మీ అడిగితే లేదన్నట్టు తల ఊపింది. తర్వాత వంటింట్లో మా చెల్లెలి చెవిలో అసలు సంగతి చెప్పింది. చేప మట్టివాసన వేస్తోందట!

ఆ మాట అమ్మీ దాకా వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? సాయంత్రం చాయ్ వేళకు ఇల్లు రెండుగా చీలిపోయింది. బందరు వాళ్ళకు ఉప్పునీటి చేప తప్ప మరేం తెలుసునని ఒక పక్షం. చందువా, వంజరం తిన్న నోటికి చెరువు చేప ఎలా ఎక్కుతుందని, భార్యను వెనకేసుకొచ్చిన మా అన్నయ్యది మరో పక్షం. ఎటూ మాట్లాడకుండా తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చున్న దాదీమా చివరికి ఒక్క మాట అంది: "పిల్ల అబద్ధం చెప్పలేదు. ఇది కొల్లేటి చేప కాదురా, చెరువు చేప."

అప్పట్లో ఆ మాట నాకు అర్థం కాలేదు. ఏలూరు బజారులో అమ్మే చేప కొల్లేటిది కాక మరెక్కడిది అనుకున్నాను. దాదీమా రెండు ముక్కల్లో ఎంత పెద్ద కథ చెప్పిందో తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు వైపు మన కుటుంబాల్లో ఈ తగాదా వినపడని ఇల్లు ఉండదేమో. సంబంధాలు ఇటు బందరు దాకా, అటు నరసాపురం, కాకినాడల దాకా కలుస్తాయి. పిల్లతోపాటు నాలుక కూడా అత్తవారింటికి వస్తుంది. సముద్రపు ఒడ్డు వాళ్ళకు మన చేప చప్పన, పైగా ముళ్ళు. మనకు వాళ్ళ చేప నీచు, పైగా ఐసులో మగ్గినది. ఇంతకీ ఎవరిది నిజం?

రెండు జలాలు

ఈ రెండు నీళ్ళ ప్రస్తావన దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. ఫాతిర్ సూరా 12వ ఆయత్‌లో అల్లాహ్ రెండు జలాలను పక్కపక్కన పెట్టి చూపుతాడు. ఒకటి తియ్యగా, దాహం తీర్చేదిగా ఉంటుంది. రెండోది ఉప్పగా, చేదుగా ఉంటుంది. అవి రెండూ సమానం కావని చెబుతూనే, తాజా మాంసం మాత్రం రెండింటి నుంచీ మీకు లభిస్తోందని గుర్తు చేస్తాడు. తాగడానికి పనికిరాని నీటిలోనూ తినడానికి కమ్మని ఆహారం పెరగడం ఒక నిదర్శనం. ఆ ఆయత్‌లో ఒక నీటి చేప మేలు, మరో నీటి చేప కీడు అన్న తేడా లేదు. తేడా అంతా నీటి గురించే. నిజానికి రుచి గురించిన శాస్త్రం కూడా ఈ నీటి తేడా దగ్గరే మొదలవుతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట దిగడం మనం చూస్తూనే ఉంటాం. అలాగే ఉప్పునీటిలో బతికే చేప ఒంట్లోని నీటిని సముద్రం ఎప్పుడూ బయటికి లాగుతూనే ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి సముద్ర జీవులు తమ కండలో కొన్ని పదార్థాలను కూడబెట్టుకుంటాయి. వాటిలో గ్లైసిన్ అనేది నాలుకకు తియ్యగా తగులుతుంది. గ్లుటామిక్ ఆమ్లం మాంసపు రసంలో ఉండే కమ్మదనాన్ని ఇస్తుంది. చందువా ముక్కకు ఉప్పూ కారం రాసి పెనం మీద వేస్తే చాలు, మసాలా అక్కర్లేకుండానే రుచిగా ఉండడానికి కారణం ఇదే.

మరి నీచు? అదీ అక్కడి నుంచే వస్తుంది. సముద్రపు చేప దాచుకునే పదార్థాల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనేది ఒకటి. చేప బతికి ఉన్నంతకాలం దానికి వాసన లేదు. చనిపోయాక సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. సందు మొదట్లోకే చేపల బజారు ఆచూకీ చెప్పే వాసన అది. కనుక సముద్రపు చేపకు రుచినిచ్చే ఏర్పాటే ఆలస్యమైతే దానికి నీచు కూడా తెస్తుంది. గిలకలదిండి రేవులో పొద్దున్నే కొన్న చేపకూ, అదే చేప రెండు రోజుల తర్వాత ఏలూరు చేరినప్పటికీ ఉన్న తేడా ఇంతే. మా భాభీ పుట్టింట్లో తిన్నది మొదటిది. మనం ఇక్కడ తిని ముఖం చిట్లించేది రెండోది.

మంచినీటి చేపకు ఈ అవసరం లేదు. దాని చుట్టూ ఉన్న నీరు బయటికి లాగదు, పైగా లోపలికే వస్తుంది. అందుకని కండలో అంత సరుకు దాచుకోదు. సొంత రుచి కాస్త తక్కువ. దీన్ని లోపమని కొందరంటారు, నేను ఒప్పుకోను. సొంత గొంతు పెద్దగా లేనిది కాబట్టే మంచినీటి చేప పులుసు చెప్పినట్టు వింటుంది. చింతపండు, మెంతిపొడి, పచ్చిమిర్చి, తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి వచ్చిన ఉల్లిపాయ, వీటన్నిటినీ పీల్చుకుని రాత్రంతా మట్టిదాకలో ఊరి మర్నాడు ఇచ్చే రుచి వంజరానికి రాదు. వంజరం వేపుడుకు పుట్టింది, శీలావతి పులుసుకు పుట్టింది. రెండింటినీ ఒకే బాణలిలో వేసి పోల్చడమే అన్యాయం.

ముళ్ళ సంగతి నిజమే. శీలావతి, బొచ్చె, మోసు జాతుల కండలో వెన్నెముకతో సంబంధం లేకుండా చీలిన సన్నముళ్ళు ఉంటాయి. పిల్లలకు పెట్టేటప్పుడు తల్లి వేళ్ళే జల్లెడ. తోక వైపు ముక్క కన్నా పొట్ట వైపు ముక్క పిల్లలకు నయం, అక్కడ ఉండేవి పెద్ద ముళ్ళే. కొర్రమీనులో ఈ బెడద తక్కువ. బాలింతలకు, జబ్బు పడి లేచినవారికి మన పెద్దలు కొర్రమీను పెట్టమనడంలో ఇదీ ఒక కారణం కావచ్చు.

మట్టివాసన ఎవరిది?

ఇక భాభీ ఫిర్యాదుకు వద్దాం. మట్టివాసన మంచినీటి చేపకు పుట్టుకతో వచ్చేది కాదు. చెరువులో పెరిగే కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు, అడుగు బురదలోని కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుస్తాయి. అది మొప్పల గుండా చేప ఒంట్లోకి చేరి కొవ్వులో నిలిచిపోతుంది. లక్ష కోట్ల పాళ్ళ నీటిలో అయిదో పదో పాళ్ళు ఉన్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. చమత్కారమేమిటంటే, తొలకరి జల్లు పడగానే నేల నుంచి లేచే సువాసనలో ఉన్నదీ ఈ జియోస్మినే. అరుగు మీద కూర్చుని సుబ్హానల్లాహ్ అంటూ గుండెల నిండా పీల్చుకునే వాసననే కంచంలో కనపడితే పక్కకు నెట్టేస్తాం!

చేపకు ఈ వాసన పట్టడానికి కొద్ది గంటలు చాలు. వదలడానికి మాత్రం రోజులు పడుతుంది. శుభ్రమైన పారే నీటిలో మేత పెట్టకుండా ఉంచితే క్రమంగా పోతుంది. అంటే వాసన ఉందా లేదా అన్నది చేప జాతిని బట్టి కన్నా అది చివరి రోజుల్లో ఏ నీటిలో ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. దాదీమా చెప్పింది ఇదే. ఆమెకు జియోస్మిన్ పేరు తెలియదు, కొల్లేరు తెలుసు.

ఆమె ఎరిగిన కొల్లేరు

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సుకు తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి ఏర్లు నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వానాకాలంలో ఎర్రనీరు వచ్చేది, సరస్సు నిండి పొలాల మీదికి పొర్లేది, మళ్ళీ తీసేది. నిలవ ఉండే నీరు కాదది, వచ్చి పోయే నీరు. ఆ నీటిలో కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జల్ల, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, చేదుపరిగె పెరిగేవి. పురుగులూ నత్తలూ చిన్న చేపలూ నీటిమొక్కలూ, ఎవరి మేత వారిది. లంక గ్రామాల వడ్డీలు తాటిదోనెల మీద వెళ్ళి మావులు, ఊతలు పెట్టి పట్టేవారు. పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి ఏలూరు వీధుల్లో ఉండేది. కొర్రమీను, మార్పు లాంటివి గాలి పీల్చే చేపలు కాబట్టి తట్టలో కూడా కొట్టుకుంటూనే ఉండేవి. మా ఇంటి ముందు తట్ట దించిన ఆమెతో దాదీమా బేరం ఆడుతుంటే, లోపలి చేప ఎగిరి మా గడపలో పడడం నాకు గుర్తుంది.

తర్వాత చెరువులు వచ్చాయి. 1970వ దశకంలో, జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కాని లాభం కనపడ్డాక డబ్బున్నవారు దిగారు, గట్ల మీద గట్లు లేచాయి. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు సరస్సును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పెద్ద ఎత్తున గట్లు తెంచారు. ఆ తర్వాత మళ్ళీ కొన్నిచోట్ల గట్లు లేచాయి. లంకల్లోని పేద మత్స్యకారుడు ఇటు చెరువూ లేక, అటు సరస్సులో చేపా లేక మధ్యలో మిగిలాడు. ఎవరి తప్పెంత అన్నది ఈ పేజీలో తేలే లెక్క కాదు.

చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి ప్రధానంగా ఉత్తరాది పెద్ద నదుల చేపలు. నిలవ నీటిలో అవి తమంతట తాము గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి గార్లు చేప మెదడు దగ్గరి పిట్యుటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ జాతుల చేత గుడ్లు పెట్టించగలిగారు. దేశంలో చేపల పెంపకానికి అదే మలుపు. ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. కేరళ ముస్లిం కుటుంబంలో పుట్టిన అలికున్హిగారి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తాడేపల్లిగూడెం దారిలో బాదంపూడి దగ్గర ప్రభుత్వ చేపపిల్లల కేంద్రం చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకు వస్తారు. పేదవాడి కంచంలోకి చేప ముక్క అందిందంటే అందులో ఆ సూదిమందు పుణ్యం ఉంది.

కనుక చెరువు చేపను తిట్టడం నా ఉద్దేశం కాదు. తవుడు, వేరుశనగ చెక్క సంచుల్లో నింపి, సంచికి చిల్లులు పెట్టి, గడకర్రలకు కట్టి మేపే పద్ధతిని మన రైతులే కనిపెట్టి దేశానికి నేర్పారు. నీరు మార్చుతూ, ఎరువు అదుపులో పెట్టుకుని పెంచిన చెరువులోని చేప సరస్సు చేపకు పెద్దగా తీసిపోదు. చిక్కల్లా కక్కుర్తి దగ్గరే. కోళ్ళ ఎరువు ఎక్కువై, చేపలు కిక్కిరిసి, ఎండాకాలంలో నీరు తగ్గి చెరువు పచ్చగా సున్నిపిండి కలిపినట్టు అయితే నాచు పెరుగుతుంది, నాచుతో వాసన వస్తుంది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. మోసుకు వాసన ఎక్కువ అనే ఇల్లాళ్ళ అనుభవం వెనుక ఈ లెక్క ఉండవచ్చు.

కైకలూరు, ఆకివీడు నుంచి ఐసు కొట్టిన పెట్టెలతో లారీలు కోల్‌కతా, గౌహతి దాకా వెళ్తాయి. అక్కడివారు మన చేపను 'చలానీ' అంటారు, అంటే బయటి నుంచి వచ్చిన సరుకు. తమ ఊరి చెరువులో కొట్టుకుంటున్న చేపకు ఎక్కువ పెడతారు, మన శీలావతికి తక్కువ పెడతారు. మనం బందరు చేప ఐసుదని ఎలా అంటామో, వాళ్ళు ఏలూరు చేపను అలాగే అంటారు! 2018 జూలైలో ఫార్మలిన్ కలుస్తోందన్న ఆరోపణపై అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపలను కొద్ది రోజులు నిలిపివేసింది కూడా.

ఏరు దాటితే పేరు మారే చేప

నీరే రుచి అని నమ్మనివారికి గోదావరి జిల్లాల్లో ఒక సాక్ష్యం ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి అది గోదావరిలోకి ఎదురీదుతుంది. ఎర్రనీటిలో ఈదుకుంటూ పైకి వచ్చేకొద్దీ పేరు మారిపోతుంది, పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఎవరికి తెలియదు? ప్రయాణానికీ గుడ్లకూ ఒంట్లో దాచుకున్న కొవ్వు, దానికి తోడు ఏటినీరు, రెండూ కలిసి ఆ రుచి తెస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోవడం దానికి కష్టమైంది. దొరికేది ఏటేటా తగ్గుతోంది, ధర మన జోలికి రాని ఎత్తుకు పోయింది. మా ఇంట్లో పులస వండి చాలా ఏళ్ళయింది.

పండుగప్పది దీనికి తిరగబడిన కథ. అది ఏటినీటిలోనూ కాలువల్లోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీటివైపు దిగిపోతుంది. అందుకే దానిలో రెండు నీళ్ళ గుణమూ ఉంటుంది. సన్నముళ్ళు ఉండవు, కండ తెల్లగా పొరలు పొరలుగా విడుతుంది, వేపుడుకూ పనికొస్తుంది, పులుసుకూ నిలుస్తుంది. ఇప్పుడు దాన్ని చెరువుల్లోనూ పెంచుతున్నారు. మా ఇంటి తగాదాకు రాజీ కుదిర్చింది ఈ చేపే. భాభీ చేతి పండుగప్ప వేపుడు మొదటిసారి తిన్న రోజున అమ్మీ మరో ముక్క వేయమని కంచం ముందుకు జరిపింది.

ఆరోగ్యం సంగతి ఒక్క మాట. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు కవళ్ళు, కానాగంతల వంటి సముద్రపు చేపల్లో ఎక్కువ. అయోడిన్ కూడా అంతే. చేదుపరిగెల వంటి చిన్నచేపలను ముళ్ళతో సహా నమిలి తింటాం కాబట్టి వాటి నుంచి కాల్షియం బాగా అందుతుంది. ఖరీదైన చేపే బలం అనుకోనక్కర్లేదు. కవళ్ళూ చేదుపరిగెలూ రెండూ పేదల చేపలే.

హలాల్ ఒక్కటే చాలదు

చేపకు జబీహా అక్కర్లేదు. అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో వెళ్ళిన సహాబీల దళానికి ఆకలి బాధలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన బ్రహ్మాండమైన సముద్రపు చేప దొరకడం, వారు రోజుల తరబడి దాన్ని తినడం, మిగిలిన ముక్కను దైవప్రవక్త (స) కూడా స్వీకరించడం హదీసుల్లో ప్రసిద్ధమైన ఘట్టం. అయినా కొన్ని వివరాలు మన చెరువుల ప్రాంతంలో తెలిసి ఉండాలి.

మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం ఏ కారణం లేకుండా తనంతట తాను చచ్చి నీటి మీద వెల్లకిలా తేలిన చేప తినకూడదు. తక్కిన ఇమాములు దీనికి అనుమతిస్తారు. వలలో పడి చనిపోయినది, వేడికో చలికో చనిపోయినది వేరు. ఇక్కడి రైతుకు ఇది ఏటా ఎదురయ్యే విషయం. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి, పంపులు తిప్పకపోతే తెల్లారేసరికి తేలిపోతాయి. అలాంటి సరుకు తక్కువ ధరకు బజారుకు వస్తుంది. దాని హుకుం ఏమిటో మీ మస్జిదు ఆలిమ్‌గారిని అడగండి. హుకుం ఏదైనా, ఎప్పుడు చచ్చిందో తెలియని చేప వంటింట్లోకి రాకపోవడమే మంచిది. షియా సోదరులు పొలుసు లేని చేప తినరు కనుక వారి ఇళ్ళలో జల్లలు, మార్పులు, వాలుగలు కనపడవు. రొయ్య చేప అవునా కాదా అన్న చర్చ హనఫీ ఉలమాల్లో ఉంది, అందులోకి దిగితే ఈ శుక్రవారం చాలదు.

అంతకంటే పెద్ద ప్రశ్న మేత గురించి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు. అయినా కొల్లేటి పరిసరాల్లో దొంగచాటుగా పెంచుతూ కోళ్ళ దుకాణాల వ్యర్థాలు, కుళ్ళిన మాంసం మేపుతున్న చెరువులను అధికారులు పట్టుకున్నారన్న వార్తలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. తినే మనకు కంచంలోని ముక్క ఎక్కడిదో తెలియదు. అశుద్ధం తిని బతికే జంతువును షరీఅత్‌లో 'జల్లాలా' అంటారు. దాని మాంసం తినడాన్ని, పాలు తాగడాన్ని ప్రవక్త (స) వారించారు. అలాంటి కోడిని కోసేముందు ఇబ్నె ఉమర్ (రజి) మూడు రోజులు కట్టి ఉంచి శుభ్రమైన మేత పెట్టేవారని ఉల్లేఖనం ఉంది. ఇదే సూత్రం చేపకూ వర్తిస్తుందని నేటి ఉలమాల్లో పలువురి అభిప్రాయం. మట్టివాసన పోవడానికి చేపను పట్టేముందు మంచినీటిలో కొన్ని రోజులు మేత లేకుండా ఉంచాలని శాస్త్రవేత్తలు చెబుతున్నదీ దాదాపు అదే పని. మన చెరువుల యజమానుల్లో ముస్లింలూ ఉన్నారు, లారీలు నడిపేవారూ ఉన్నారు, బజారులో కత్తిపీట ముందు కూర్చునేవారూ ఉన్నారు. కొనేవాడు అడగనంతకాలం ఆ నాలుగు రోజుల ఖర్చు ఎవరూ పెట్టుకోరు.

నీటి విషయం ఏలూరు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2020 డిసెంబరులో వందలాదిమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిన రోజులు మరచిపోగలమా? ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. ఆ వారాల్లో కుళాయి నీటినీ కూరగాయనూ చేపనూ అన్నిటినీ అనుమానంగా చూశాం. మా ఇంట్లో చాలా రోజులు చేప దిగలేదు.

వంటింటి సంగతులు

వాసన వేసే చేప వచ్చిందనుకోండి, పారేయనక్కర్లేదు. జియోస్మిన్ కొవ్వులో ఉంటుంది కనుక చర్మం, పొట్ట కింది పొర, పక్కల నల్లగా కనపడే కండ తీసేస్తే సగం వాసన పోతుంది. పొట్టలోని నల్లపొరను కళ్ళుప్పుతో రుద్ది తీయాలి. మిగిలిన సగం పని పులుపుది. ముక్కలకు నిమ్మరసం, ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచి కడగాలి. పులుపు జియోస్మిన్‌ను విరగ్గొడుతుంది. సముద్రపు చేప నీచును కూడా పులుపే కట్టేస్తుంది, కాని దాని దారి వేరు, ఆ నీచు క్షారగుణం కలది. మన పూర్వీకులు చేపకు చింతపండునో మామిడికాయనో జత చేశారంటే ఊరికే చేయలేదు. కొందరు మజ్జిగలో నానబెడతారు, అదీ మంచిదే. మసాలా దట్టించి వాసన కప్పిపెట్టాలని చూస్తే మాత్రం మసాలా వాసనా మట్టివాసనా రెండూ వస్తాయి.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూడడం అందరికీ తెలుసు. వాసన కూడా చూడాలి. మట్టివాసన ఉన్న చేప మొప్ప దగ్గరే చెప్పేస్తుంది.

దాదీమా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ ఇంట్లో బజారు పని భాభీదే. పోయిన నెల ఆమెతో చేపల బజారుకు వెళ్ళాను. నిగనిగలాడుతున్న మోసు మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పడేసింది. ఏ చెరువుది భాయ్ అని అడిగితే ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఊరి పేరు చెప్పాడు. వరదనీరు దిగిన చోట పట్టినవని మూలన ఉన్న బిందెలోంచి రెండు కొర్రమీనులు తీశాడు. రెట్టింపు ధర. కాసేపు బేరమాడి ఒకటి కొంది. అది సంచిలో కొట్టుకుంటూనే ఉంది, రిక్షా ఎక్కేముందు ఆగి అరడజను నిమ్మకాయలు కూడా తీసుకుంది.